ద్వారకానగర్‌లో ఈసాప్స్‌కు పన్ను సలహా ఇచ్చే ఒక ఆడిటర్ ఆఫీసు: నా అనుభవం

విశాఖపట్నంలో రుషికొండ ఐటీ హిల్ మీద ఉన్న మా కంపెనీని ఎవరో కొనబోతున్నారన్న మాట ఈ ఏడాది మొదట్లో పుట్టింది. అధికారికంగా ఎవరూ నోరు విప్పలేదు గానీ, మీటింగు గదుల్లో కొత్త ముఖాలు కనిపించడం, ఫైనాన్సు విభాగం వారు పాత గ్రాంట్ లెటర్ల కాపీలు మళ్లీ అడగడం చూశాక నాకు కుదురు లేకుండా పోయింది. ఆరేళ్ల ఉద్యోగంలో నాకు వచ్చిన ఈసాప్స్ (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కులు, వీటినే ఆప్షన్లు అంటారు) 2,000. అన్నీ వెస్ట్ అయ్యాయి, అంటే వాడుకునే హక్కు వచ్చేసింది. ఒక్కటి కూడా ఎక్సర్‌సైజ్ చేయలేదు, అంటే డబ్బు కట్టి షేరుగా మార్చుకోలేదు. ఒక్కో షేరుకు నేను కట్టవలసింది 10 రూపాయలు. ఇప్పుడే షేర్లుగా మార్చుకోవాలా, అమ్మకం తేలేదాకా ఆగాలా అన్నదే నా సందేహం.

మొదట సంప్రదించిన ఒక కన్సల్టెంట్ నా కాగితాలు తెరవకుండానే, షేర్లు అమ్మినప్పుడే పన్ను పడుతుందని, అంతవరకూ ఏమీ ఉండదని చెప్పి పంపించేశారు. అది తప్పు. ఆ మాట నమ్మి ఎక్సర్‌సైజ్ చేసి ఉంటే ఆ నెల జీతం మొత్తం టీడీఎస్ (కంపెనీ జీతంలోంచి ముందే కోసే పన్ను) కిందే పోయేది. ఆ తర్వాత మా మామయ్య షాపు లెక్కలు చూసే ఆడిటర్ గారి దగ్గరకు, ద్వారకానగర్‌కు వెళ్లాను. ఈ సమీక్ష ఆ ఆఫీసు గురించే.

గంటకు 3,500 రూపాయల ఫీజు, జీఎస్‌టీతో 4,130 అయింది. ఫోనులోనే గ్రాంట్ లెటరు, పూర్తి ఈసాప్ ప్లాను, చివరి వాల్యుయేషన్ రిపోర్టు, ఫారం-16 తెమ్మన్నారు. వెళ్లాక ఆడిటర్ గారు పన్ను ఊసెత్తలేదు. స్కేలు పెట్టుకుని, వాక్యం వాక్యం కిందకు జరుపుకుంటూ ప్లానును చదివారు. పద్నాలుగో పేజీ దగ్గర ఆగి, పెన్సిలుతో గీత గీసి, కాగితాన్ని నా వైపు తిప్పారు. కంపెనీ చేతులు మారితే, వెస్ట్ అయిన ఆప్షన్లకు డబ్బిచ్చి రద్దు చేయాలా, లేక కొన్న సంస్థ ఈసాప్ ప్లానులోకి మార్చాలా అన్నది బోర్డు ఇష్టమని అక్కడ ఉంది. "ముందు ఇది చూడండమ్మా, ఏ దారిన డబ్బొస్తుందో తేలితేగా పన్ను లెక్క వేసేది" అన్నారు. ఆరేళ్లుగా ఆ ప్లాను నా మెయిల్లోనే ఉంది. ఆ పేజీ నేనెప్పుడూ చదవలేదు.

తర్వాత లెక్క మొదలుపెట్టారు. లిస్టు కాని (స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని) కంపెనీలో షేరు విలువను మర్చంట్ బ్యాంకరు నిర్ణయించాలి. ఆ రిపోర్టు మనం ఎక్సర్‌సైజ్ చేసే రోజుకు 180 రోజుల కంటే పాతది కాకూడదు. మా చివరి వాల్యుయేషన్ 400 రూపాయలు. ఇప్పుడు ఎక్సర్‌సైజ్ చేస్తే, 400కూ నేను కట్టే 10కీ మధ్య ఉన్న 390 రూపాయల తేడా, అంటే 2,000 షేర్ల మీద 7,80,000 రూపాయలు, నా జీతంలో కలుస్తాయి. 30 శాతం శ్లాబులో ఉన్న నాకు 4 శాతం సెస్‌తో కలిపి 2,43,360 రూపాయల పన్ను పడుతుంది. ఒక్క షేరు అమ్మకముందే, చేతికి పైసా రాకముందే కట్టవలసిన పన్ను ఇది. ఆ తర్వాత అమ్మితే, 400కు పైన వచ్చిన మొత్తమే మూలధన లాభం. లిస్టు కాని షేరును 24 నెలలకు మించి ఉంచుకుంటే 12.5 శాతం, అంతకు ముందే అమ్మితే మళ్లీ శ్లాబు రేటు. ఆ 24 నెలలూ షేరు మన పేరున అలాట్ అయిన రోజు నుంచే మొదలవుతాయి తప్ప, ఆప్షను ఇచ్చిన రోజు నుంచి కాదు.

నా సందేహం తీరింది ఈ తర్వాతి లెక్కతోనే. కొనేవారు షేరుకు 550 ఇస్తారనుకుందాం. ఇప్పుడే ఎక్సర్‌సైజ్ చేసి కొన్ని నెలల్లో అమ్మితే, జీతం కింద 7,80,000, స్వల్పకాలిక లాభం కింద 3,00,000, రెండింటికీ నాకు పడేది శ్లాబు రేటే. ఏమీ చేయకుండా ఆగి, బోర్డు డబ్బిచ్చి ఆప్షన్లు రద్దు చేస్తే 10,80,000 మొత్తం జీతమే. ఎలా చూసినా పన్ను 3,36,960 రూపాయలు. తొందరపడి నేను మిగుల్చుకునేది ఏమీ లేదు. అదే, అమ్మకం 250కే తెగితే? ముందే ఎక్సర్‌సైజ్ చేసిన మనిషి 400 విలువకు పన్ను కట్టేసి ఉంటుంది, 3,00,000 నష్టం మిగులుతుంది. ఆ నష్టాన్ని జీతంలోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. మూలధన లాభాలతోనే సరిపెట్టుకోవాలి, మిగిలితే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లాలి. ఎదుగుతున్న కంపెనీలో ఉన్న ఉద్యోగులందరికీ ఈ ఒక్క సంగతి ఎవరైనా ముందే చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మూడేళ్ల కిందట వాల్యుయేషన్ 120గా ఉన్నప్పుడు తీసుకుని ఉంటే ఎంతయ్యేదని నేనే అడిగాను. అప్పటి 2,20,000 మీద 68,640, ఇప్పుడు అదే 550కి అమ్మితే వచ్చే 8,60,000 దీర్ఘకాలిక లాభం మీద సెస్‌తో కలిపి 1,11,800, వెరసి 1,80,440. బాధ కలిగించే అంకె. అయితే అప్పుడు కంపెనీ మూతపడి ఉంటే కట్టిన డబ్బంతా పోయేదని ఆయన వెంటనే గుర్తుచేశారు.

స్టార్టప్ ఉద్యోగులకు ఈ పన్నును వాయిదా వేసే వెసులుబాటు 2020 నుంచి ఉంది. అయితే స్టార్టప్‌గా డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల విభాగం) గుర్తింపు ఒక్కటే ఉంటే చాలదు, వివిధ మంత్రిత్వ శాఖలతో కూడిన బోర్డు (ఇంటర్ మినిస్టీరియల్ బోర్డు) ఇచ్చే ధ్రువపత్రం కూడా ఉండాలి. మా కంపెనీకి అది లేదు. ఉన్నా, షేర్లు అమ్మిన రోజున లేదా ఉద్యోగం మానిన రోజున ఆ వాయిదా తీరిపోతుంది. ఫ్లిప్‌కార్ట్ నుంచి ఫోన్‌పే విడిపోయాక ఆప్షన్ల విలువ తగ్గినందుకు 2023లో ఉద్యోగులకిచ్చిన పరిహారం గురించి కూడా అడిగాను. దాని మీద పన్ను లేదని ఢిల్లీ హైకోర్టు, ఉందని మద్రాసు హైకోర్టు 2024లోనే తీర్పులిచ్చాయని చెప్పి, అక్కడ ఆప్షన్లు ఉద్యోగుల దగ్గరే ఉన్నాయి కాబట్టి, రద్దు చేసి ఇచ్చే డబ్బుకు ఆ ఢిల్లీ తీర్పును ముడిపెట్టుకోవద్దని హెచ్చరించారు.

లోపాలూ ఉన్నాయి. అపాయింట్‌మెంటు ఇచ్చి కూడా యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. రెండు రోజుల్లో పంపుతామన్న నోటు ఆరో రోజున వచ్చింది. అందులో దీర్ఘకాలిక లాభానికి ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి) 20 శాతమని పాత రేటు వేశారు. 2024 జూలై 23 నుంచి అది 12.5 శాతం. ఆడిటర్ గారు నోటితో సరిగానే చెప్పారు, తప్పు జరిగింది టైపు చేసిన అసిస్టెంటు దగ్గర. చెప్పగానే సరిచేసి పంపారు గానీ, డబ్బు తీసుకుని ఇచ్చే కాగితంలో ఇలాంటి పొరపాటు ఉండకూడదు. మాతృసంస్థ అమెరికాలో ఉండి అక్కడి షేర్లు వచ్చినవారి కేసులు మాత్రం తాము చూడమని ముందే చెప్పేస్తారు.

హైదరాబాదులో వేరే ఉద్యోగానికి మారబోతున్న మా టీము అబ్బాయిని కూడా తీసుకెళ్లాను. అతనికి వచ్చిన సలహా వేరు: మా ప్లాను ప్రకారం రాజీనామా చేసిన 90 రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయకపోతే ఆప్షన్లు రద్దయిపోతాయి కాబట్టి, వీలైతే అమ్మకం సంగతి తేలేదాకా చివరి పనిదినాన్ని వాయిదా వేసుకొమ్మన్నారు.

వచ్చేముందు హెచ్‌ఆర్‌కు రాయవలసిన మూడు ప్రశ్నలు ఆయనే చెప్పి రాయించారు. ఆప్షన్లకు డబ్బిస్తారా, కొత్త ప్లానులోకి మారుస్తారా? ప్రిఫరెన్స్ షేర్లున్న పెట్టుబడిదారులు ముందుగా తమ వాటా తీసుకున్నాక సాధారణ షేరుకు మిగిలేది ఎంత? వచ్చే డబ్బులో ఎంత భాగం ఎస్క్రోలో (మూడో పక్షం దగ్గర ఆపి ఉంచే ఖాతాలో) ఆపుతారు, ఎన్ని నెలలు? మొదటి రెండింటికీ జవాబు వచ్చింది. మూడోది రాగానే మరో గంటకు అపాయింట్‌మెంటు అడిగి ఉంచాను, ఈసారి పొద్దున పదింటికి. ఆ వేళకు ఆఫీసులో రద్దీ ఉండదు, కింద బండి పెట్టుకోవడానికీ చోటు దొరుకుతుంది.