ఫోన్ లాక్కోవడమా, కూర్చోబెట్టి మాట్లాడటమా?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్‌కి రాత్రి పదకొండింటికి ఓ అబ్బాయి నుంచి "ఎక్కడున్నావ్? లొకేషన్ పెట్టు" అని వరసగా మెసేజ్‌లు. ఇంట్లో తెలిస్తే మొదట చేసేది ఫోన్ లాక్కోవడమే. ఆ రాత్రికి గొడవ సద్దుమణుగుతుంది, నిజమే. కానీ ఆ అబ్బాయి ట్యూషన్ సందులోనో ఆర్కే బీచ్‌లోనో ఎదురవుతాడు. ఈసారి అమ్మాయి ఇంట్లో చెప్పదు. కోపంలో చాట్ చెరిపేస్తే సాక్ష్యమూ పోయినట్టే.

మాట్లాడటానికి ఓపిక కావాలి. "తప్పు నీది కాదమ్మా" అని ముందు అనగలిగితే ఆ అబ్బాయి పాస్‌వర్డ్ అడగడం, స్నేహితుల్ని కలవొద్దనడం, ఫొటోలు అందరికీ పంపుతాననడం ఒక్కొక్కటిగా చెబుతుంది. బెదిరింపు మెసేజ్‌లు దాచి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, ఆన్‌లైన్ వేధింపైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు.

అబ్బాయిలున్న ఇళ్లలో ఈ మాటలు ఇంకా ముందే జరగాలి. అక్కడ ఫోన్ లాక్కునేవాళ్లు కూడా తక్కువే.