కందలమ: ఎలివేషన్ లేని హోటల్

హోటల్ రివ్యూ అంటే అందరూ బ్రేక్‌ఫాస్ట్‌తో మొదలుపెడతారు. నేను డ్రైనేజీతో మొదలుపెడతాను. బిల్డింగులు కట్టించడం నా పని, ఎక్కడికెళ్ళినా కళ్ళు ముందు అక్కడికే పోతాయి.

శ్రీలంకలో దంబుల్ల దగ్గరున్న హెరిటాన్స్ కందలమ ఒక కొండ చరియను ఆనుకుని ఉంటుంది. వాన పడితే బండ మీది నీళ్ళన్నీ కిందికే రావాలి. ఇలాంటి సైటు ఇస్తే మేమైతే ఏం చేస్తాం? కొండను తవ్వి చదును చేసి, మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ లేపి, నీళ్ళను పక్కకు మళ్ళిస్తాం. ఇక్కడ ఆ పని చేయలేదు. బిల్డింగును స్తంభాల మీద నిలబెట్టి, నీళ్ళ దారి నీళ్ళకే వదిలేశారు. అవి హోటల్ కింద నుంచి చెరువు వైపు వెళ్ళిపోతాయి.

దీన్ని డిజైన్ చేసింది శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా (1919–2003). ముందు అనుకున్న స్థలం పాతకాలపు కొండకోట సిగిరియా పక్కన. అది వద్దని, సిగిరియా దూరంగా కనిపించే ఈ కందలమ చెరువు ఒడ్డును ఎంచుకున్నది ఆయనే. 1990ల మొదట్లో పని మొదలైనప్పుడు చెరువు పాడైపోతుందని బౌద్ధ భిక్షువులు, చుట్టుపక్కల జనం గట్టిగా అడ్డుపడ్డారు. ఆ భయంలో న్యాయం ఉంది. 152 గదుల హోటల్ మురుగు అంటే మాటలా? ఇప్పుడు వాడిన నీళ్ళను అక్కడే శుద్ధి చేసి తోటకు పెడుతున్నారు. 2000లో దీనికి లీడ్ (LEED) సర్టిఫికెట్ కూడా వచ్చింది, పర్యావరణానికి మేలైన బిల్డింగులకు అమెరికా సంస్థ ఇచ్చే గుర్తింపు అది. అమెరికా బయట ఆ గుర్తింపు పొందిన మొదటి హోటల్ ఇదే అంటారు.

మా క్లయింట్లు మొట్టమొదట అడిగేది ఎలివేషన్, అంటే బయటి నుంచి బిల్డింగు ముందు భాగం కనిపించే తీరు. ఈ హోటల్‌కి అది లేదు. దాదాపు కిలోమీటరు పొడవున్న బిల్డింగు, చెరువు వైపు నుంచి చూస్తే తీగలూ చెట్లూ తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. ముందు భాగమంతా తీగలు పాకడానికి ఫ్రేములు కట్టారు. పైన చదును శ్లాబుల మీద మట్టి పోసి మొక్కలు పెంచారు. శ్లాబు మీద వేర్లు చూడగానే వాటర్‌ప్రూఫింగ్ సంగతేంటని నాకు టెన్షన్ మొదలైంది, అది వృత్తిరోగం. శ్లాబు మీద నేరుగా ఎండ పడకపోతే కింద గది ఎంత తక్కువ వేడెక్కుతుందో కూడా మా వాళ్ళకు తెలుసు. తెలిసీ మిద్దె మీద టైల్సే వేస్తాం.

నాకు బాగా నచ్చింది కారిడార్. ఒక పక్క గదులు, ఇంకో పక్క కొండ. కొన్నిచోట్ల బండ నడవాలోకే పొడుచుకొచ్చింది, దాన్ని చెక్కకుండా నడవానే వంచారు. బండ మీద చెయ్యి పెడితే చల్లగా, తడిగా తగిలింది. పగుళ్ళలో నాచు, దాని మీద ఒక చీమలబారు. అక్కడ ఏసీ లేదు, అవసరమూ లేదు, గాలి అటు నుంచి ఇటు ఆడుతూనే ఉంటుంది. గదుల్లో మాత్రం ఏసీ ఉంది. లేకపోతే ఆ రేటుకి ఎవరూ రారు!

ఇంకో దేశంలో, పేరు వద్దులెండి, ఒక సముద్రపు రిసార్ట్‌లో దిగాను. ‘భూమి కోసం టవల్ మళ్ళీ వాడండి’ అని కార్డు, వెదురు స్ట్రాలు, అన్నీ ఉన్నాయి. గదికి పడమటి వైపు మాత్రం నిలువెత్తు గాజుగోడ. మధ్యాహ్నం నుంచి కర్టెన్లు మూసి, ఏసీ పదహారు మీద పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. పర్యావరణం స్ట్రాలో ఉండి గోడలో లేకపోతే ఏం లాభం?

కందలమలో మెట్ల దగ్గర శ్రీలంక కళాకారుడు లకీ సేనానాయకె చేసిన పెద్ద గుడ్లగూబ శిల్పం ఉంటుంది, ఆగి చూడండి. స్విమ్మింగ్ పూల్ ఫొటోలు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి కాబట్టి దాని గురించి రాయను. భోజనం బాగుంది.

చవక కాదు. కొలంబో నుంచి దారిలోనే సగం రోజు పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే లాబీకి దగ్గర గది కావాలని బుకింగ్‌లోనే చెప్పండి. ఆ పొడవుకి, చివరి గది దొరికితే టీ తాగడానికి రావడం కూడా వాకింగే అవుతుంది. బాల్కనీ తలుపు గడియ వేయడం మాత్రం మర్చిపోకండి. కోతులకు ఆ తలుపులు తీయడం మనకంటే బాగా వచ్చు.