గులకరాళ్ల తీరం, అమ్మమ్మ ప్రశ్నలు

మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట. మైపాడు సముద్రమంటే ఆమెకి ఊరి చెరువు కింద లెక్క. సెలవులకి ఇంటికి రాగానే ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఫొటోలు చూపిస్తే, కళ్లజోడు సర్దుకుని చూసి, "సముద్రానికి వెళ్లామన్నారు, రైలు పట్టాల మీద కూర్చున్నారేమే?" అంది.

అది కంకర కాదు, తీరమే. బ్రైటన్‌లో ఒడ్డు పొడవునా గుప్పెడంత గులకరాళ్లే. నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు అంచున కాస్త ఇసుక కనిపిస్తుందంతే. చెప్పులు విప్పి నడిస్తే అరికాళ్లు కమిలిపోతాయి. ఈ సంగతి మాకు అక్కడికి చేరాకే తెలిసింది.

లండన్‌లో చేరి తొమ్మిది నెలలైనా సముద్రం చూడలేదన్న బెంగతో, జూన్ మొదట్లో పరీక్షలు కాగానే ముగ్గురం బయలుదేరాం: నేను, నా గదిలోనే ఉండే కావలి అమ్మాయి, మా తరగతిలోని ఒంగోలు అబ్బాయి. విక్టోరియా స్టేషన్ నుంచి మామూలుగా గంట ప్రయాణం. శనివారం పట్టాల మరమ్మతులని సగం దారిలో దింపి బస్సు ఎక్కించడంతో మాకు రెండున్నర గంటలు పట్టింది. ఆ దేశంలో మరమ్మతులన్నీ మనం ఊరు కదిలే రోజుకే పెట్టుకుంటారేమో అనిపిస్తుంది. టికెట్ కొనే ముందు ఆ రోజు రైలు చివరిదాకా వెళ్తుందో లేదో చూసుకోండి. పదహారు నుంచి పాతికేళ్ల వాళ్లకిచ్చే రాయితీ కార్డు ఉంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది.

బస గురించి మొహమాటం లేకుండా చెబుతాను: రాత్రి అక్కడ ఉండకండి. మేము తీసుకున్నది సముద్రానికి రెండు వీధుల వెనక ఒక హాస్టల్. ఎనిమిది మంచాల గదిలో తలకి 34 పౌండ్లు. సామాను పెట్టుకునే అర ఉంది, తాళం మాత్రం వాళ్ల దగ్గరే కొనుక్కోవాలి. కింద బార్ ఉందని ఎక్కడా రాయలేదు. తెల్లవారుజాము మూడింటి దాకా నేల అదురుతూనే ఉంది. ఉదయం పదికల్లా ఖాళీ చేయమన్నారు, సంచులు సాయంత్రం దాకా ఉంచాలంటే మళ్లీ డబ్బు. జూన్‌లో అక్కడ పొద్దు తొమ్మిది దాటాక గాని గుంకదు. అంతా చూసుకుని రాత్రి రైలుకి తిరిగిరావచ్చు.

సముద్రంలోకి వంతెనలా కట్టిన ప్యాలెస్ పియర్ 1899 నాటిది. రంగులరాట్నం, బొమ్మ తుపాకులు, పీచుమిఠాయి, మొత్తం తిరునాళ్ల వాతావరణం. గంటలో విసుగొస్తుంది. దానికి పడమరగా 1866లో తెరిచి 1975లో మూసేసిన మరో పియర్ ఉంది. 2003లో తగలబడ్డాక నీళ్లలో ఇనుప ఎముకలు మాత్రం మిగిలాయి. నాకు అదే నచ్చింది, పైగా ఖర్చు లేదు. ఈతకి ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి, కాపలావాళ్లు కన్ను వేసి ఉంచుతారు. మేము మోకాళ్ల దాకా దిగేసరికే కాళ్లు కొయ్యబారాయి.

చేపల దగ్గర అమ్మమ్మ నన్ను ఆపింది. పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప, పక్కన బంగాళాదుంప ముక్కలు, పైన వెనిగర్. "ముల్లు లేదు, చింతపండు లేదు, మామిడికాయ లేదు, ఇంక అది చేపేమిటి?" అంది. వేడిగా తింటే బాగానే ఉంటుందని నా వాదన. ఒంగోలు అబ్బాయికి ఆ వాదనా మిగల్లేదు. మొదటి ముక్క నోటి దాకా తీసుకెళ్లేలోగా వెనక నుంచి ఒక సముద్రపు కాకి వచ్చి తన్నుకుపోయింది. గోడకి ఆనుకుని తినండి.

ఊరి నడిమధ్య రాయల్ పెవిలియన్ ఉంది. బయటి నుంచి చూస్తే మన నవాబుల కోటలా గుమ్మటాలు, మినార్లు. తర్వాత నాలుగో జార్జి పేరుతో రాజైన యువరాజు విలాసానికి కట్టించుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 చివరి నుంచి 1916 మొదటి వరకు, గాయపడిన మన సిపాయిలకి దాన్ని ఆసుపత్రి చేశారు. హిందువులకి, ముస్లింలకి నీళ్ల కుళాయిలు వేరు, వంటశాలలు వేరువేరు. పైన వేలాడే దీపాల గుత్తులు, కింద వరసగా మంచాలు ఉన్న ఆనాటి ఫొటోలు చూస్తూ కావలి అమ్మాయి చాలాసేపు కదల్లేదు.

వాటి వల్లే ఆదివారం మా పథకం మారింది. పాచమ్ దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి పచ్చిక గుట్టల మీదుగా పైకి నడిచాం. దారిలో టీ కొట్టు లేదు, నీళ్లు లేవు. గుట్ట వాలులో తెల్లటి పాలరాతి ఛత్రి, అంటే గొడుగులాంటి గుమ్మటం, ఎనిమిది స్తంభాలు. బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలని దహనం చేసిన చోట 1921లో కట్టారు. పక్కన రాతిపలక మీద యాభై ముగ్గురి పేర్లు. గాలి తప్ప చప్పుడు లేదు. బ్రైటన్‌లో ఒక్కటే చూసే సమయం ఉందంటే నేను ఈ గుట్టే ఎక్కమంటాను.

ఇదంతా అమ్మమ్మకి చెప్పింది మైపాడు ఒడ్డునే. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి నన్ను లేపి ఆటో ఎక్కించింది. రానుపోను నాలుగు వందలు. బ్రైటన్ తీరం దక్షిణానికి తిరిగి ఉంటుంది, మనకి సూర్యుడు నేరుగా నీళ్లలోంచి లేస్తాడు. ఇసుకలో కాలు పెడితే మడమ దాకా దిగబడింది, ప్రాణం లేచొచ్చింది. పొగడడం అక్కడితో ఆపాలి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది తలుపుకి గడియ లేదు. సరివి తోట కింద ప్లాస్టిక్ గ్లాసులు గుట్టలుగా ఉన్నాయి. ఇక్కడ అలలు లోపలికి లాగుతాయి, మునిగిపోయిన వాళ్ల వార్తలు చిన్నప్పటి నుంచీ వింటున్నాం, అయినా ఆ పొద్దున జెండా గాని కాపలా మనిషి గాని కనిపించలేదు. పర్యాటక శాఖ వారి హరిత విడిది ఒడ్డునే ఉంది, మాకు అవసరం పడలేదు.

పడవలు వచ్చే దాకా ఇసుకలో కూర్చున్నాం. అమ్మమ్మ ఛత్రి ఫొటోనే మళ్లీ మళ్లీ చూస్తోంది.

"కొరివి ఎవరు పెట్టారు?"

"తోటి సిపాయిలే అట. బూడిద ఆ సముద్రంలోనే కలిపారు."

"మనవైపు వాళ్లు ఉన్నారా?"

"నేను చదివినంతలో సింగులే ఎక్కువ."

ఆమె ఏమీ అనలేదు. వల దులుపుతున్న మనిషి దగ్గరికి వెళ్లి, కాసేపు గీచిగీచి బేరమాడి, రెండు చందువాలు పట్టుకొచ్చింది. ఆటో ఎక్కుతుండగా మళ్లీ బ్రైటన్ గుర్తొచ్చినట్టుంది.

"అన్ని రాళ్లున్నాయి గదా, ఒక్కటి తెస్తే శొంఠి నలగ్గొట్టుకోవడానికి పనికొచ్చేది."

"తేకూడదు అమ్మమ్మా. అక్కడ చట్టం ఒప్పుకోదు."

"రాళ్లకి కూడానా!" అని, చేపల సంచీ నా ఒళ్లో పెట్టి, చీర అంచుకి అంటిన ఇసుకని దులుపుకోవడం మొదలుపెట్టింది.