పిరిడోస్టిగ్మిన్ 60 మి.గ్రా. బిళ్ల: పనితనమంతా టైములోనే

పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి రెప్ప వాలడం, ఒకటి రెండుగా కనబడటం, అన్నం సగంలోనే దవడ అలిసిపోవడం మయస్తీనియా గ్రేవిస్ లక్షణాలు. ఒంట్లోని యాంటీబాడీలు (రోగనిరోధక ప్రొటీన్లు) నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని అడ్డుకోవడం వల్ల వచ్చే కండరాల నీరసం ఇది. జబ్బు తేలగానే సాధారణంగా మొదట రాసేది ఈ బిళ్లే. 1934లో గ్రీనిచ్‌లో డాక్టర్ మేరీ వాకర్ ఇదే కోవలోని ఫైసోస్టిగ్మిన్‌తో రోగి బలహీనతను తగ్గించి చూపారు. నరం కండరానికి పంపే సంకేత రసాయనం అసిటైల్‌కోలిన్‌ను త్వరగా విరిగిపోనివ్వకుండా ఆపడమే ఈ బిళ్ల పని.

అరగంట, ముప్పావుగంటలో పట్టు వస్తుంది, మూడు నాలుగు గంటలకు దిగిపోతుంది. అందుకే "రోజుకు మూడు, తిన్నాక" అన్న మామూలు లెక్క దీనికి పనికిరాదు. మింగడం కష్టమైతే భోజనానికి అరగంట ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపున మెలిపెడితే ఒకటి రెండు బిస్కెట్లు చాలు. సాధారణంగా సగం బిళ్లతో మొదలుపెట్టి డాక్టరే మెల్లగా పెంచుతారు. ఉబ్బసం, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

విరేచనాలు, నోట్లో నీరూరడం, కండరాలు అదరడం మామూలే. అసలు చిక్కు డోసు పెంచుతూ పోవడంలో ఉంది. మోతాదు మించితే ఈ మందే కండరాన్ని నీరసపరుస్తుంది, అది జబ్బేననుకుని రోగి ఇంకో బిళ్ల వేసుకుంటాడు. రోజుకు 450 మి.గ్రా. దగ్గరికి వచ్చారంటే బిళ్ల తక్కువై కాదు, వేరే మందు కావాలని అర్థం. యాంటీబాడీలను ఇది ముట్టుకోదు. ఆ పని రోగనిరోధక శక్తిని తగ్గించే ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్), అజాథయోప్రిన్‌లది. స్టెరాయిడ్ ఒక్కసారే ఎక్కువగా మొదలెడితే తొలి వారాల్లో నీరసం ముదరొచ్చు. మస్క్ (MuSK) అనే కండర ప్రొటీన్ మీద యాంటీబాడీలు ఉండే రకంలో ఈ బిళ్ల అంతగా పనిచేయదు. ఈ జబ్బుతో ముడిపడ్డ థైమస్ (ఛాతీలోని గ్రంథి)లో గడ్డ ఉందేమో చూడటానికి ఛాతీ సీటీ తప్పనిసరి.

రాత్రికి ఇచ్చే, మెల్లగా కరిగే 180 మి.గ్రా. రకాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు. ప్రభావం ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది, పగటికి 60దే మేలు. తేమ తగిలితే బిళ్ల పాడవుతుంది, వారానికి సరిపడా డబ్బాలో పోసుకోకుండా స్ట్రిప్‌లోనే ఉంచండి.

కొన్ని మందులు ఈ నీరసాన్ని పెంచుతాయి. మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్‌లు చేతికిస్తే జబ్బు పేరు చెప్పి వెనక్కివ్వండి. జెంటామైసిన్, మెగ్నీషియం ఇంజెక్షన్లు, ప్రొప్రనలాల్ కూడా ఆ జాబితాలోవే. ఒక్క ఊపిరిలో 20 దాకా లెక్కపెట్టలేకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా ఇంకో బిళ్ల వేసుకుని ఎదురుచూడొద్దు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తారు లేదా చెడు యాంటీబాడీలున్న ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మారుస్తారు.