808 నానోమీటర్ల లేజర్: మూడేళ్లు వాడాక

ఈ డయోడ్ లేజర్‌ను మా ల్యాబ్‌లో మూడేళ్లుగా దాదాపు నేనొక్కదాన్నే వాడుతున్నాను. ప్లేట్‌లో పెంచిన ఎలుక మాక్రోఫేజ్‌ల మీద, అంటే ఒంట్లో సూక్ష్మజీవుల్ని మింగేసే రోగనిరోధక కణాల మీద, కొద్దిపాటి వెలుగు వేసి ఏం జరుగుతుందో చూడటం నా పని. మిగతా వివరాలన్నీ బ్రోచర్‌లో ఉంటాయి. నేను చెప్పేది డిస్‌ప్లే గురించి. నా నాలుగు నెలలు తినేసింది అదే.

ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థం కలిపితే ఈ కణాలు రెచ్చిపోయి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. మర్నాడు కణాల పైనున్న మీడియా (అవి పెరిగే ద్రవం) తీసి, నైట్రిక్ ఆక్సైడ్ జాడ పట్టే గ్రీస్ రియేజెంట్ కలిపితే ముదురు గులాబీ రంగు వస్తుంది. లేజర్ పడిన వెల్స్‌లో, అంటే ప్లేట్‌లోని గుంటల్లో, రంగు లేతగా ఉంటే కణాలు కాస్త నెమ్మదించినట్టు. మొదటి ఏడాదంతా అలాగే వచ్చింది. ప్లేట్‌ను తెల్ల కాగితం మీద పెడితే, రంగు కొలిచే రీడర్ దాకా వెళ్లకముందే తేడా కంటికి తెలిసిపోయేది. ఆ సంబరంలో పక్క ల్యాబ్ వాళ్లకు కూడా కళ్లు మూసుకుని కొనమని చెప్పాను.

రెండో ఏడాది వేసవిలో ఆ తేడా మాయమైంది. లేజర్ వేసినా వేయకపోయినా ఒకటే గులాబీ. కణాలు పాతబడ్డాయేమోనని కొత్త వయల్ తీశాను. ఎల్‌పీఎస్ మార్చాను, సీరం మార్చాను, కణాలకు మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టిందేమోనని పరీక్ష చేయించాను. గైడ్‌తో మీటింగ్ అంటే ముందు రోజు నుంచే టెన్షన్. లేజర్‌ను మాత్రం అనుమానించలేదు, డిస్‌ప్లే మీద ఎప్పుడు చూసినా 100 మిల్లీవాట్లే. ఈ వెలుగు కంటికి ఆనదు కాబట్టి ఐఆర్ కార్డు పెట్టి చూశాను. చుక్క బాగానే మెరిసింది.

చివరికి ఫిజిక్స్ జూనియర్ ఒకమ్మాయి, "అక్కా, మీటర్ పెట్టి ఎప్పుడైనా చూశారా?" అని అడిగి, తనే పవర్ మీటర్ పట్టుకొచ్చింది. 58.

మేం వాడే 48 వెల్స్ ప్లేట్‌లో ఒక్కో వెల్ ఇంచుమించు చదరపు సెంటీమీటరు. 100 మిల్లీవాట్లతో 30 సెకన్లు వేస్తే 3 జౌల్స్. 58తో అయితే 1.7. ఈ వెలుగును కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పీల్చుకుంటుందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. మోతాదు చాలకపోతే కణం పట్టించుకోదు, మరీ ఎక్కువైతే మేలు కాస్తా తిరగబడుతుంది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు గొరిగిన ఎలుకల మీద బొచ్చు త్వరగా పెరగడం గమనించింది కూడా తక్కువ శక్తి రూబీ లేజర్‌తోనే. మోతాదే ప్రాణమైన పనిలో అంకె తప్పు చూపించే యంత్రంతో ఎలా వేగాలి?

విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కలకు దుమ్ము పట్టి తిరగడమే మానేసింది. డయోడ్ వేడెక్కితే వెలుగు తగ్గుతుంది, తరంగదైర్ఘ్యం కూడా కాస్త జరుగుతుంది. డిస్‌ప్లే చూపేది మనం పెట్టిన అంకె, బయటికొచ్చే వెలుగు కాదు. ఈ ముక్క మాన్యువల్‌లో ఎక్కడా లేదు, నా కోపమంతా అక్కడే. ఫ్యాన్ మార్చాక 86 వచ్చింది. అంతకు మించి రాలేదు.

టైమర్ కచ్చితం అని ఇదివరకు అందరికీ చెప్పేదాన్ని. అది నిజమే, కానీ ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో వెలుగే నిలకడగా ఉండదని మీటర్ పెట్టాకే తెలిసింది. ఇప్పుడు పావుగంట ముందే ఆన్ చేస్తాను. ప్రతి ప్లేట్‌కు ముందూ తర్వాతా కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

మళ్లీ కొంటానా అంటే, మీటర్ పక్క గదిలోనే ఉంది కాబట్టి కొంటానేమో. అది అందుబాటులో లేనివాళ్లకు మాత్రం చెప్పను. ఫిజియోథెరపీలో మోకాళ్ల మీద వాడేవాళ్ల సంగతి నాకు తెలియదు, నా అనుభవమంతా ప్లేట్ దగ్గరే. ఆ నాలుగు నెలల డేటా థీసిస్‌లోకి వెళ్లదు.

పోయిన వారం ప్లేట్‌లో గులాబీ మళ్లీ లేతగా వచ్చింది. 86 మిల్లీవాట్లు, 35 సెకన్లు.