డబ్బిచ్చి గిట్‌హబ్ రిపో పెట్టించుకుంటున్నారా? ఓనర్ ఎవరో ముందు చూసుకోండి

టీమ్ ప్రాజెక్టు కోసం బయటివాళ్ళ చేత గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని కలిసి పనిచేసుకునే సైట్) రిపో, అంటే ప్రాజెక్టు కోడ్ మొత్తం ఉండే చోటు, పెట్టించుకునే ఆలోచనలో ఉంటే, అడ్వాన్స్ పంపేముందు ఇది చదవండి. మేం నలుగురం గట్టి దెబ్బ తిన్నాం. ఇంకొకరు తినకూడదనే రాస్తున్నాను.

మాది హాస్టల్ మెస్ లెక్కలు చూసే చిన్న యాప్. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చుని రాస్తున్నాం. అమీర్‌పేటలో కోర్సులు చెబుతూ, పక్కన ఇలాంటి పనులు కూడా చేసిపెట్టే ఒకాయన దగ్గర 18,000 రూపాయలకి ప్యాకేజీ తీసుకున్నాం. రిపో, బ్రాంచీలు (ఒకే కోడ్‌లో ఎవరి పని వాళ్ళు విడిగా చేసుకునే పాయలు), కోడ్ పంపగానే టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు, ఏడాది సపోర్ట్. పని బాగానే చేశాడు, కాదనను. కానీ రిపోని తన సొంత అకౌంట్‌లో ప్రైవేటుగా పెట్టి, మమ్మల్ని కొలాబరేటర్లుగా, అంటే అందులో కోడ్ రాసే అనుమతి ఉన్నవాళ్ళుగా, చేర్చాడు. "మా పేరు మీద ఉండాలి కదా సర్?" అని మా బాబాయి కొడుకు అడిగితే, "తలా ఒక ఫోర్క్ కొట్టుకోండి తమ్ముడూ, ఎవరి కాపీ వాళ్ళ అకౌంట్‌లో ఉంటుంది. ఇంక టెన్షన్ దేనికి?" అన్నాడు. సబబుగానే అనిపించింది. నలుగురం ఫోర్క్ చేసుకున్నాం.

ఎనిమిదో నెలలో రెన్యువల్ అంటూ ఇంకో 12,000 అడిగాడు. మాట్లాడుకున్నది ఏడాదికి కదా అన్నాం, రిపోని మా పేరుకి మార్చమని కూడా అడిగాం. ఆ శుక్రవారం రాత్రి పదకొండింటికి రిపో తెరిస్తే 404, అంటే పేజీ లేదని. ఆయనది ఆయన మూసుకున్నాడులే అనుకుని నా ఫోర్క్ తెరిచాను. అదీ 404. నా అకౌంట్‌లో రిపోల వరసంతా పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను, ఆ పేరే లేదు. మిగతా ముగ్గురికీ ఫోన్ చేస్తే వాళ్ళవీ మాయం.

అప్పుడు కూర్చుని గిట్‌హబ్ హెల్ప్ పేజీలు చదివాం. రూల్ స్పష్టంగానే రాసి ఉంది. ప్రైవేటు రిపోకి మీ యాక్సెస్ తీసేస్తే, దాన్నుంచి మీరు చేసుకున్న ఫోర్క్ కూడా పోతుంది. ఓనర్ ఆ ప్రైవేటు రిపోని డిలీట్ చేసినా అంతే. పబ్లిక్ రిపో అయితే అసలుది పోయినా ఫోర్కులు నిలబడతాయి. అందరం కాలేజీ రోజుల నుంచి పబ్లిక్ వాటినే ఫోర్క్ చేసి అలవాటు పడ్డాం కాబట్టి ఈ తేడా తట్టదు. మా విషయంలో ఆయన చేసిందల్లా నాలుగు పేర్లు తీసేయడమే.

లాప్‌టాప్‌లోకి దించుకున్న కాపీ (క్లోన్) జోలికి మాత్రం ఎవరూ రాలేరు. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్ (గిట్‌హబ్ నడిచేది దీనిమీదే) 2005లో పుట్టినప్పటి నుంచీ దాని బలం అదే. క్లోన్‌లో హిస్టరీ మొత్తం మన దగ్గరే ఉంటుంది. అలా మెయిన్ బ్రాంచ్ దక్కింది. దక్కనిది పేమెంట్ మాడ్యూల్. అది రాస్తున్న మా ఫ్రెండ్ మూడు వారాల పనిని తన ఫోర్క్‌లోని బ్రాంచీకే పంపుతూ వచ్చాడు, ఇంకా మెయిన్‌లో కలపలేదు (మెర్జ్ చేయలేదు). సరిగ్గా ఆ వారమే లాప్‌టాప్ సర్వీసుకిచ్చాడు. ఫార్మాట్ చేయాలి, డేటా పోతుంది అంటే, కోడ్ ఫోర్క్‌లో ఉంది కదా అని ఒప్పుకున్నాడు. రాసిపెట్టుకున్న ఇష్యూలు (చేయాల్సిన పనులు, బగ్గుల జాబితా), కోడ్ రివ్యూల్లో చేసిన చర్చలు కూడా పోయాయి. అవి ఆయన రిపోలోనే ఉండేవి, ఫోర్క్‌తో పాటు రావు, క్లోన్‌తోనూ రావు.

అసలు మాలాంటి చిన్న టీమ్‌కి ఫోర్క్ అవసరమే లేదు. రాసే అనుమతి లేని వేరేవాళ్ళ రిపోలో మార్పు పంపాలంటే ఫోర్క్ కావాలి. అందరికీ అనుమతి ఉన్నప్పుడు ఒకే రిపోలో తలా ఒక బ్రాంచీ చాలు. ఆర్గనైజేషన్ అకౌంట్, అంటే టీమ్ పేరు మీద ఉండే అకౌంట్, ఉచితంగా తెరవచ్చు, అందులో ఇద్దర్ని ఓనర్లుగా పెట్టుకోవచ్చు. వ్యక్తిగత అకౌంట్‌లోని రిపోకి ఓనర్ ఒక్కరే, కొలాబరేటర్ దాన్ని తన పేరుకి మార్చుకోలేడు. 2020 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రిపోలో ఎంతమంది కొలాబరేటర్లనైనా పైసా కట్టకుండా చేర్చుకోవచ్చు. కాబట్టి "ప్రైవేటు రిపోకి చార్జీ ఉంటుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆర్గనైజేషన్ మీరే తెరిచి, పని చేసేవాణ్ణి అందులోకి పిలవండి. పనయ్యాక ఆయన పేరు తీసేయండి. మిగతా డబ్బు ఆ తర్వాతే.

ఇప్పటికే మాలాగా ఇరుక్కుని ఉంటే, గొడవ మొదలుకాకముందే, ఈ రాత్రికే, గిట్ క్లోన్‌కి మిర్రర్ ఆప్షన్ (git clone --mirror) ఇచ్చి అసలు రిపోలోని అన్ని బ్రాంచీలూ ఒక లాప్‌టాప్‌లోకి దించుకోండి. టీమ్‌లో ప్రతి ఒక్కరి ఫోర్క్‌నీ విడిగా దించాలి, ఎందుకంటే ఒకరి ఫోర్క్‌లోని బ్రాంచీ ఇంకొకరి దాంట్లో ఉండదు. ఫోర్క్ చేసేటప్పుడు మెయిన్ బ్రాంచీ ఒక్కటే కాపీ అయ్యేలా ముందే టిక్ పెట్టి ఉంటుంది, అదీ చూసుకోండి. తర్వాత మీ ఆర్గనైజేషన్‌లో ఖాళీ రిపో తెరిచి అక్కడికి పంపండి. ఇష్యూలు విడిగా కాపీ చేసి పెట్టుకోండి.

మా వాడు పేమెంట్ కోడ్ మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాడు.