టెర్రియర్ కుక్కపిల్లకు బోను మేలా, గది మేలా?

హన్మకొండలో మా ఇంటికి జాక్ రస్సెల్ టెర్రియర్ జాతి కుక్కపిల్ల వచ్చినప్పుడు దానికి రెండున్నర నెలలు. బోను కొనాలా, వంటింటి పక్క గదికి అడ్డంగా చిన్న గేటు పెట్టి వదలాలా అని ఇంట్లో రోజూ చర్చే. రెండూ చేసి చూసినం.

గదిలో అది హాయిగా తిరుగుతుంది. కానీ టెర్రియర్లు బొరియల్లోని ఎలుకలను, నక్కలను తరమడానికి పెంచిన జాతి. తవ్వడం, కొరకడం వాటి రక్తంలోనే ఉంది. మూడో రోజే కూలర్ వైరు మీద సన్నని పంటిగాట్లు, మధ్యలో మెరుస్తున్న రాగి తీగ. ప్లగ్గు తీసి ఉంది కాబట్టి బతికింది. నాకు చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు. గదే అనుకుంటే ముందు నేల మీద కూర్చుని దాని ఎత్తులోంచి చూడండి: వైర్లు, ఫినాయిల్ సీసా, ఎలుకల మందు, ఉల్లిగడ్డల బుట్ట. ఉల్లిగడ్డ, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కలకు విషం.

బోనులో ఆ భయం లేదు. పడుకునే చోటును కుక్కపిల్ల సాధారణంగా పాడుచేయదు, అందుకే ఒంటికి, రెంటికి బయటికి పోయే అలవాటు తొందరగా కుదురుతుంది. అయితే మూడు నెలల పిల్ల పగటిపూట మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోలేదు. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఇనుప బోనును వరండాలో అస్సలు పెట్టొద్దు. కోపమొచ్చి అందులో వేయడం కూడా తప్పే.

నేనైతే రాత్రికి బోను, మనుషులున్న పగటిపూట గది అంటాను. గొలుసుతో కట్టేయడం మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.